అసైన్‌మెంటు భూమి మీద అజమాయిషీ ఎవరిది?

రెవెన్యూ భాషలో 'అజమాయిషీ' అంటే చేల మీద తిరిగి ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో చూసి అడంగల్‌లో రాసుకోవడం. మామూలు జనం మాటల్లో అదే పదానికి పెత్తనం అనే అర్థం స్థిరపడింది. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో కలవడంలో వింతేమీ లేదు. చూసి రాసే అధికారం ఎవరి చేతుల్లో ఉంటే భూమి మీద పెత్తనం కూడా వాళ్ళదే అవుతుందని పల్లె జనానికి అనుభవం నేర్పింది.

అడంగల్‌లో మన చర్చకు పనికొచ్చే గడులు రెండున్నాయి. ఒకటి పట్టాదారు పేరు రాసే గడి, రెండోది అనుభవదారు పేరు రాసే గడి. ప్రభుత్వం పేదలకు పంచిన భూముల చరిత్ర అంతా ఈ రెండు గడుల మధ్య దూరంలోనే ఉంది. మొదటి గడిలో మాలపల్లె, మాదిగపల్లె పేర్లు ఉంటాయి. చేలోకి వెళ్ళి చూస్తే మిరప తోటో, పత్తి చేనో ఊళ్ళో ఆసామిది అయి ఉంటుంది. ఆ ఆసామి పేరు రెండో గడిలో ఎక్కిందా లేదా అన్నది రాసేవాడి ఇష్టం.

ఈ భూములకు ప్రభుత్వం కొన్ని షరతులు పెట్టింది. సాగుకే వాడాలి, అమ్మకూడదు, వారసులకు మాత్రమే దక్కాలి అంది. ఈ షరతులు పేదవాడిని కాపాడటానికే అని చెప్పింది. మరి షరతు అమలు చూసే అధికారం ఎవరికి ఇచ్చింది? భూమి పొందిన వాడకు మాత్రం ఇవ్వలేదు. అద్దంకి ప్రాంతాన్ని దగ్గర పెట్టుకుని ఈ ప్రశ్నను చారిత్రకంగా పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

శాసనం నుంచి మాన్యం దాకా

తెలుగు పద్యానికి తొలి ఆధారాల్లో ఒకటిగా చెప్పే శాసనం అద్దంకిలోనే దొరికింది. గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు క్రీ.శ. 848లో వేయించిన ఈ శాసనాన్ని మన పాఠ్యపుస్తకాలు తరువోజ ఛందస్సు కోసం గుర్తు చేస్తాయి. కానీ అది భూమి కాగితం కూడా. పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను గెలుచుకున్నాడని అది చెబుతుంది. ఆదిత్య భటారుడికి ఎనభై పుట్ల విత్తనం పట్టే నేల ఇచ్చాడనీ చెబుతుంది. అంటే బోయలు ఓడిన వార్తా, దేవుడికి నేల దక్కిన వార్తా ఒకే రాతి మీద ఉన్నాయి. మన దృష్టితో చదివితే ఈ ప్రాంతపు లిఖిత చరిత్ర భూమి చేతులు మారిన కథతోనే మొదలవుతోంది.

దేవుడి పేర కేటాయించిన నేలను కాపాడటానికి రాజులు రాళ్ళ మీద రాయించారు, కాజేసినవాడికి పాపం చుట్టుకుంటుందని శాపాలు కూడా చెక్కించారు. ఊరికి చాకిరీ చేసేవాళ్ళ మాన్యాల సంగతి వేరు. తలారి, నీరుగంటి, వెట్టి మొదలైన వాళ్ళకు ఇచ్చిన చెక్కలు చాకిరీ చేసినంతకాలమే వాళ్ళవి. 1895లో వచ్చిన మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఈ మాన్యాలను అమ్మకూడదని, తాకట్టు పెట్టకూడదని కట్టడి చేసింది. అదే చట్టం కిందే కరణం మాన్యమూ ఉంది, వెట్టివాడి మాన్యమూ ఉంది. కరణానికి మాన్యంతో పాటు పుస్తకం కూడా ఉంది. వెట్టివాడికి ఉన్నది చాకిరీ ఒక్కటే. చట్టం ఇద్దరినీ ఒకే గాటన కట్టినా, ఒకరు రాసేవారు, మరొకరు రాయబడేవారు.

బొంబాయి రాష్ట్రంలో మహర్ల వతన్ భూమి గురించి బాబాసాహెబ్ అంబేడ్కర్ 1928లో శాసనమండలిలో బిల్లు పెట్టింది ఈ కారణంగానే. చాకిరీ షరతుతో ముడిపడిన భూమి మనిషిని రైతును చెయ్యదనీ, ఊరంతటికీ బానిసను చేస్తుందనీ ఆయన వాదించారు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి ఇనాముల రద్దు చట్టం వచ్చేవరకు ఈ రకం మాన్యాల ముడి పూర్తిగా విడలేదు.

దరఖాస్తు పట్టా

బంజరు భూమిని దరఖాస్తు మీద ఇచ్చే పద్ధతి మద్రాసు బోర్డు ఆఫ్ రెవెన్యూ స్టాండింగు ఆర్డర్ల నాటిది. 15వ నంబరు స్టాండింగు ఆర్డరు ఈ పంపకానికి ఆధారం. అందుకే ఇప్పటికీ జనం నోట్లో ఇవి డీకేటీ పట్టాలు, డీ పట్టాలు. వీటికంటే ముందు అనుమతి లేకుండా బంజరు దున్నుకున్న వాళ్ళున్నారు. వాళ్ళ సాగును లెక్కల్లో 'సివాయిజమా' అని రాసి, 1905 నాటి ఆక్రమణల చట్టం కింద బీ-మెమో ఇచ్చి జరిమానా శిస్తు వసూలు చేసేవారు. పేదవాడికి ఆ జరిమానా రసీదే హక్కు కాగితం. తాను అక్కడ ఉన్నానని సర్కారు ఒప్పుకున్న రుజువు ఆ చీటీ ఒక్కటే. ఎంతో మంది దళితులు జరిమానా కాగితాలను దాచుకుని, వాటినే చూపించి పట్టాలు అడిగారు.

1954 జూన్ 18న వచ్చిన 1142 నంబరు జీవో ఇక్కడ ఒక మలుపు. ఆంధ్ర ప్రాంతంలో ఆ తేదీ తర్వాత పంచిన భూములకు 'అమ్మకూడదు' అనే షరతు పడింది. తెలంగాణలో అలాంటి షరతు 1958 జూలైలో వచ్చింది. పట్టాలోని మిగతా షరతులు కూడా గమనించాలి. మూడేళ్ళలో సాగులోకి తేవాలి. ఇతర అవసరాలకు వాడకూడదు. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు నష్టపరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఇచ్చిన రోజే తిరిగి తీసుకునే హక్కును ప్రభుత్వం తన దగ్గర పెట్టుకుంది. షరతుల్లో ప్రతిదీ తీసుకున్నవాడి మీదే ఉంది. ఇచ్చినవాడు హద్దులు చూపించాలనీ, దారి ఇప్పించాలనీ, ఎవరైనా తరిమేస్తే మళ్ళీ చేలో నిలబెట్టాలనీ షరతు లేదు.

అప్పట్లో దీన్ని చూసే మనిషి కరణం. కోస్తాలో కరణీకం ఎక్కువగా నియోగి కుటుంబాల్లోనూ, మునసబు పదవి భూస్వామ్య కులాల్లోనూ వంశపారంపర్యంగా నడిచాయి. సర్వే నంబరు చెప్పేది వాళ్ళే, ఖాళీగా ఉందో లేదో చెప్పేది వాళ్ళే. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఈ పదవులను రద్దు చేసింది. పుస్తకం కరణం ఇంట్లోంచి ఆఫీసుకు మారింది. ఇది చిన్న మార్పేమీ కాదు. అయితే పుస్తకంలో అంతకుముందు రాసిన రాతలు అలాగే ఆఫీసుకు వచ్చాయి. పంట చూడకుండానే పాత ఏడాది రాతను కొత్త ఏడాదికి ఎక్కించే అలవాటు కూడా వాటితో పాటే వచ్చింది.

కాలువ వచ్చాక

దళితులకు పంచిన భూమి చాలావరకు ఎవరికీ అక్కర్లేని భూమి. వాగు ఒడ్లు, రాతి నేలలు, చౌడు, దొరువుల పక్క మెరకలు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ కింద అద్దంకి బ్రాంచి కాలువ ఈ మెట్ట ప్రాంతం దాకా వచ్చింది. నీళ్ళు పారే చోటల్లా నిన్నటి పనికిరాని ముక్క నేడు అక్కరకొచ్చే ముక్క అయింది. నీళ్ళు ఎక్కని మెట్టలో కూడా నల్లరేగడి మీద పత్తి, మిరప, పొగాకు పెరిగి కౌలు రేట్లు పెరిగాయి.

భూమి ఎలా చేజారిందో ఇప్పుడు చూడాలి. వాణిజ్య పంటకు విత్తనం, ఎరువు, పురుగుమందు ముందే కావాలి. చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని బ్యాంకుకో, సహకార సంఘానికో తనఖా పెట్టవచ్చు. కానీ పట్టా కాగితం ఉన్నా హద్దులు తేలక, పాసుపుస్తకం రాక చాలామంది దళితులకు బ్యాంకు గడప దాటే వీలు లేకపోయింది. అందువల్ల అప్పు ఊళ్ళో ఆసామి దగ్గరో, ఎరువుల కొట్టు దగ్గరో పుట్టాలి. నోటు రాయించుకుంటారు. నోటు తీరకపోతే రెండేళ్ళు చేను నేను చేసుకుంటా అంటాడు అప్పిచ్చినవాడు. ఆ తర్వాత తెల్ల కాగితం మీద స్వాధీన అగ్రిమెంటు. చివరికి తన చేలోనే తాను కూలీ. 1987-88లో తెల్లదోమ దెబ్బకు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ సంక్షోభాన్ని రాసినవాళ్ళు ఎక్కువగా పట్టా రైతును చూశారు. రెండెకరాల డీ పట్టా ఉన్న మాదిగ రైతు ఆ లెక్కల్లోకి రావాలంటే ముందు అతను అనుభవదారు గడిలో ఉండాలి కదా.

1977 చట్టం ఏం చెప్పింది

ఈ చేజారడాన్ని ఆపటానికి 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అది 9వ నంబరు చట్టం. చదివితే ఇది పదునైన చట్టమే. అమ్మకం, దానం, తనఖా, కౌలు ఏదైనా సరే బదిలీయే అంది. అలాంటి బదిలీ చెల్లదంది. రిజిస్ట్రేషను చెయ్యవద్దంది. కొన్నవాడిని వెళ్ళగొట్టి భూమిని అసలు అసైనీకో, వారసులకో తిరిగి ఇచ్చే అధికారం కలెక్టరుకూ, ఆయన అధికారమిచ్చిన వారికీ కట్టబెట్టింది. కొన్నవాడికి జైలు శిక్ష కూడా పెట్టింది. చట్టానికి ముందే మంచి విశ్వాసంతో కొన్న భూమిలేని పేదకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్ట అయిదు ఎకరాలు మించనివాడు ఆ చట్టం లెక్కలో పేద.

లోపం ఎక్కడుందంటే, ఈ చట్టం కదలాలంటే ఒక అధికారి కళ్ళు తెరవాలి. అనుభవదారు గడిలో ఆసామి పేరు రాస్తేనే ఉల్లంఘన జరిగినట్టు. రాయకపోతే చట్టం దృష్టిలో ఏమీ జరగనట్టే. ఆసామికి అంతకంటే ఏం కావాలి? ఇక ఫిర్యాదు చేస్తే అసైనీకి కూడా భయం ఉంది. 'షరతు ఉల్లంఘించావు కాబట్టి భూమి ప్రభుత్వానికి తీసుకుంటాం' అనే నోటీసు ఆసామికంటే ముందు తన పేర వస్తుంది. తీసుకున్నవాడూ ఇచ్చినవాడూ ఇద్దరూ తప్పు చేసినట్టు రాసిన చట్టంలో నోరు విప్పడానికి పేదవాడు జంకుతాడు. 2004లో వేసిన కోనేరు రంగారావు భూమి కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక కూడా అసైన్డ్ భూములు పేదల చేతుల్లోంచి జారిపోయిన సంగతిని గుర్తించింది. 2007లో వచ్చిన సవరణ ఒకవైపు పేద కొనుగోలుదారుకు ఊరట ఇచ్చింది. మరోవైపు నోటిఫై చేసిన ప్రాంతాల్లో స్వాధీనం చేసుకున్న భూమిని ప్రజా ప్రయోజనానికి వాడుకునే దారి తెరిచింది. అసైనీకి తిరిగి ఇవ్వడం అనే మాట అంతమేరకు వెనక్కి పోయింది.

పంచాయతీ ఎక్కడ?

ఊరి భూమిని దేనికి వాడాలో ఊరి పాలక సంస్థ చూడాలి అనడం సహజంగా వినిపిస్తుంది. మన చట్టాలు అలా లేవు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పశువుల మేత బీళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు, బండి డొంకలు వంటి పోరంబోకులు పంచాయతీకి దఖలు పడతాయి. ప్రభుత్వం నోటిఫికేషను ఇచ్చి వాటిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. అసైన్డ్ భూమి మాత్రం రెవెన్యూ శాఖదే. 2006లో వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి చట్టం వచ్చినప్పుడు కూడా అనుమతి ఇచ్చే అధికారం ఆర్డీవోకే దక్కింది తప్ప గ్రామసభకు దక్కలేదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్నే ఎత్తివేయడానికి పూనుకుంది.

పంచాయతీ చేతికి ఇస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ఊరు అంటే ఎవరు అనే ప్రశ్న కారంచేడు మన ముందు పెట్టింది. అద్దంకికి తూర్పున ఉన్న ఆ ఊళ్ళో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. దానికి ముందు జరిగిందేమిటి? దళితులు తాగే చెరువులో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే మాదిగపల్లె వాళ్ళు ఇదేమిటని అడిగారు. తాగునీటి చెరువును దేనికి వాడాలి, దేనికి వాడకూడదు అన్న ప్రశ్న అది. పాలనా భాషలో చెప్పాలంటే ఉమ్మడి ఆస్తి మీద వాళ్ళు అజమాయిషీ చేశారు. ఆ పని తమది మాత్రమే అనుకున్నవాళ్ళు దానికి నరమేధంతో జవాబిచ్చారు. దళితులకు ప్రత్యేకమైన మాట లేని గ్రామసభ చేతికి దళితుల భూమిని అప్పగిస్తే కరణం చేతిలోంచి ఆసామి చేతికి పోయినట్టే.

ఇదే దేశంలో మరో పద్ధతి ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూలు ప్రాంతాల్లో ఆదివాసుల భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారాన్నీ, పోయిన భూమిని తిరిగి ఇప్పించే అధికారాన్నీ గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీలకూ ఉండేలా చూడాలని చెప్పింది. అమలు ఎలా ఉన్నా సూత్రం ముఖ్యం. భూమి ఎవరిదో వాళ్ళకే కావలి హక్కు. మైదాన ప్రాంతపు దళితుడికి అలాంటి సూత్రం కాగితం మీద కూడా లేదు.

కావలివాడే కాజేస్తే

దళితుడు తన ముక్కను అమ్మకూడదని కట్టడి చేసిన ప్రభుత్వం తాను మాత్రం ఎలా వాడింది? చాలాకాలం పరిశ్రమలకూ, రోడ్లకూ అసైన్డ్ భూమిని తీసుకున్నప్పుడు పరిహారం లేదు. 1993లో ఎక్స్‌గ్రేషియా పేరుతో మార్కెట్ విలువ ఇవ్వాలని జీవో వచ్చింది. 2004లో మేకల పండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రజా ప్రయోజనం కోసం వెనక్కి తీసుకున్నప్పుడు అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 'నష్టపరిహారం లేకుండా' అనే షరతు రాజ్యాంగానికి నిలవదని తేలడానికి యాభై ఏళ్ళు పట్టింది.

తీర్పు తర్వాత కూడా తేడా పోలేదు. 2008లో వాడరేవు-నిజాంపట్నం వాన్‌పిక్ ప్రాజెక్టు కోసం ప్రకాశం, గుంటూరు తీరంలో సేకరణకు దిగినప్పుడు పట్టా భూములతో పాటు అసైన్డ్ భూములూ అందులో ఉన్నాయి. తర్వాత ఆ ప్రాజెక్టు సీబీఐ కేసులోకి వెళ్ళింది. 2015లో అమరావతి భూ సమీకరణ మొదలుపెట్టినప్పుడు అసైన్డ్ రైతుకు తిరిగి ఇచ్చే స్థలం పట్టా రైతుకంటే తక్కువగా నిర్ణయించారు. పక్కపక్క చేలు, ఒకే పంట, ఒకే నీరు. కాగితం మీద ఒక అక్షరం తేడా. ఆ అక్షరం వెనక ఉన్నది కులమే.

తమిళనాడులో ఇదే కథ ఇంకా పాతది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో ఇచ్చిన నివేదిక ఫలితంగా 1892 నుంచి దళితులకు భూములు ఇచ్చారు. పదేళ్ళు అమ్మకూడదు, తర్వాత అమ్మినా దళితులకే అమ్మాలి అని షరతు. వాటినే పంచమి భూములంటారు. వంద ఏళ్ళు గడిచాక అవి ఇతరుల చేతుల్లో తేలాయి. 1994 అక్టోబరు 10న కారణై దగ్గర ఆ భూములు అడిగిన దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. షరతు ఉంది, కావలి లేదు. కావలి అడిగినవాడికి తూటా దక్కింది.

షరతు తీసేస్తే సరిపోతుందా?

ఇక్కడ ఒక వాదాన్ని గౌరవంగా ఎదుర్కోవాలి. 'అందరి భూమీ అమ్ముకునే హక్కుతో ఉంది. మా భూమికి మాత్రమే సంకెళ్ళెందుకు? కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో మా రెండెకరాలు మేం అమ్ముకుంటే తప్పేమిటి?' అని దళిత యువకులే అడుగుతున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. రెండో తరగతి హక్కు మనిషిని కూడా రెండో తరగతికి దించుతుంది. 2023లో వచ్చిన సవరణ ఈ కోరికను ఆధారం చేసుకునే పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన అసలు అసైనీలకూ, వారి వారసులకూ సాగు భూమి మీద అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు.

ఈ రెండు ప్రభుత్వాల వాదులాటలో మనం చూడాల్సింది ఒకటే. షరతు ఎత్తేసే రోజు చేలో ఎవరున్నారు? పొలంలో దళితుడే ఉంటే ఆ హక్కు అతని విముక్తి. పాత అగ్రిమెంటు జేబులో పెట్టుకుని ఆసామి ఉంటే, అదే హక్కు ఆసామి ఆక్రమణకు రిజిస్ట్రేషను ముద్ర. నార్కట్‌పల్లి-అద్దంకి-మేదరమెట్ల రహదారి వెంట సెంట్ల లెక్కన ధర పలుకుతున్న కాలంలో, బల్లికురవ, సంతమాగులూరు వైపు గ్రానైటు కోసం రాతి నేలకు కూడా గిరాకీ వచ్చిన కాలంలో ఈ తేడా చిన్నది కాదు. అందుకే ముందు రెండు గడులూ సరిపోల్చాలి, పోయిన భూమి తిరిగి ఇప్పించాలి, ఆ తర్వాతే అమ్ముకునే హక్కు గురించి అసైనీ తానే నిర్ణయించుకోవాలి. ఈ వరుస తప్పితే స్వేచ్ఛ పేరుతో జరిగేది చివరి బదిలీయే.

అంబేడ్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో ఒక దారి చూపించారు. ప్రభుత్వ బంజర్లను షెడ్యూల్డు కులాల స్థిరనివాసం కోసం ఒక కమిషను ట్రస్టుగా ఉంచుకోవాలని ఆయన ప్రతిపాదించారు. ట్రస్టు అనే మాటలో ముఖ్యమైనది ఏమిటంటే, కావలివాడు యజమాని కాడు. ఎవరికోసం కావలి కాస్తున్నాడో వాళ్ళకు లెక్క చెప్పాలి. రెవెన్యూ శాఖ ఇంతకాలం కావలి కాసింది గాని వాడకు లెక్క చెప్పలేదు.

లెక్క చెప్పించడం అసాధ్యమేమీ కాదు. ఉపాధి హామీ పనుల్లో మస్టరు రోలును ఊరి మధ్య బిగ్గరగా చదివి, పేరున్నవాడు పని చేశాడా లేదా అని అడిగే సామాజిక తనిఖీ ఈ రాష్ట్రంలోనే నడిచింది. కూలి లెక్కను అలా చదవగలిగినప్పుడు భూమి లెక్కను ఎందుకు చదవకూడదు? ఏటా అజమాయిషీ అయ్యాక, అడంగల్‌లోని అసైన్డ్ సర్వే నంబర్లన్నీ వాడలోనే, వాడ జనం ముందే చదవాలి. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, పంట ఏది అని ఒక్కో నంబరు చెప్పాలి. వాడ ఒప్పుకోని రాతను మళ్ళీ చేలోకి వెళ్ళి చూసి దిద్దాలి. భూమి తీసుకోవాలన్నా, వాడకం మార్చాలన్నా ఆ భూములున్న దళితుల సభ ఒప్పుకుని తీరాలి. ఫిర్యాదు చేసిన అసైనీ మీద ఉల్లంఘన నోటీసు ఇవ్వకూడదని చట్టంలోనే రాయాలి.

చట్టం మారేదాకా ఆగనక్కరలేని పని కూడా ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ ఊరి అసైన్‌మెంటు రిజిస్టరైనా అడగవచ్చు. మన విద్యార్థులు ఒక్కో ఊరికి ఆ రిజిస్టరు, అడంగల్ పక్కపక్కన పెట్టి, ఆ తర్వాత చేల మీదికి వెళ్ళి చూడాలి. సర్వే నంబరు చదవడం, ఎఫ్‌ఎంబీలో హద్దు గుర్తించడం పల్లె బళ్ళో ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పగలిగిన విద్యే. కరణం ఇంటి గుట్టుగా తరాల తరబడి దాచిన విద్య అది. దాన్ని మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు నేర్చుకున్ననాడు అజమాయిషీ అనే మాటకున్న రెండు అర్థాలూ వాళ్ళవే అవుతాయి.